శెట్టి కాపురం ఏ ఊళ్లో?

ఒక మనిషి ఎక్కడ కాపురం ఉంటున్నాడో తెలుసుకోవాలంటే ఏం కావాలి? పొద్దున్నే అతని వీధిలోకి పోయి కాసేపు నిలబడితే చాలు. పాలవాడు ఎవరి గుమ్మం ముందు ఆగుతాడో, ఏ అరుగు మీద ఎవరు కూర్చుని పేపరు చదువుతారో కళ్లున్నవాళ్లకు కనబడుతుంది. మా కోర్టుకు మాత్రం అది తేల్చడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ నేను అక్కడే జూనియరు లాయరుగా నల్లకోటు వేసుకుని తిరిగాను. ఇన్నాళ్ల తర్వాత కూడా తలుచుకుంటే నోరు చేదవుతుంది. అందుకే మర్యాదగా రాస్తానని మాట ఇవ్వలేను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. కర్నూలు జిల్లాలో పడమటి వైపున, పత్తి మిల్లులూ వేరుశనగ మండీలూ ఉన్న ఊరు మాది. వానలు మొహం చాటేశాయి. ఆలూరు వైపు పల్లెల్లో జనం మూటాముల్లె సర్దుకుని పనులు వెతుక్కుంటూ పోయేవాళ్లు. కొందరు బెంగళూరుకు పోతే, కొందరు కడప జిల్లాలో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలకు పోయారు. అట్లా కడప వైపు పోయిన ఒక జంట ఒకరోజు మా సీనియరు ఆఫీసు మెట్లెక్కింది. భార్యకు ఎడమ కాలు మోకాలి కింద లేదు. ఆ మెట్లు ఎక్కడానికి మొగుడు ఆమెను నడుం పట్టుకుని ఎత్తాల్సి వచ్చింది.

జరిగింది చిన్న కథే. మొగుడు ఆ ఫ్యాక్టరీలో రాళ్లు మోసేవాడు. మధ్యాహ్నం సద్ది ఇవ్వడానికి ఆమె లోపలికి పోయింది. కోసిన బండల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. వాటికి అడ్డంగా కమ్మీలు పాతాలి. అక్కడ పాతలేదు. వరుసంతా ఒరిగి ఆమె కాలి మీద పడింది. యజమాని ఆసుపత్రికి ఒక్కసారి మనిషిని పంపి, ఆ తర్వాత చేతులు దులుపుకున్నాడు. ఆమె అక్కడ కూలీ కాదు కాబట్టి కూలీల చట్టం ఆమెకు వర్తించదని, లోపలికి ఎవరు రమ్మన్నారని ఎదురు ప్రశ్న వేశాడు.

"మంచి కాలు పెట్టిస్తే చాలమ్మా. బెంగుళూర్లో పెడ్తారంట గదా, దాంతో చేన్లో పనికి గూడా పోవచ్చంట. కూసోని తినేదానికి మాకేముండాది?" అని అడిగిందామె.

చట్టం రెండు దారులు చూపించింది. దెబ్బ తగిలిన చోట దావా వేయొచ్చు, లేదంటే ఆ దెబ్బకు బాధ్యుడైనవాడు కాపురం ఉండేచోట వేయొచ్చు. మొదటిది కడప జిల్లా. అక్కడ ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ రాళ్ల మీదే బతుకుతున్నాయి. ఫ్యాక్టరీ యజమాని మీద వకాల్తా పుచ్చుకునే లాయరు దొరకడం కష్టం, సాక్షి దొరకడం ఇంకా కష్టం. పైగా ఆమె ఊరి నుంచి అక్కడికి పోవాలంటే బస్సు మీద బస్సు మారాలి, రాత్రి ఎక్కడో బస్టాండులో పడుకోవాలి.

"ఆడికయితే నేను పోల్యానమ్మా. ఆ రాళ్ల నడుమ ఇంకోసారి అడుగు పెట్టలేను. ఈడయితే పాక్కుంటానైనా వస్తా" అని తేల్చి చెప్పింది.

రెండో దారి మా ఊరే. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీ యజమాని కాపురం మా ఊళ్లోనే. ఊరంతా శెట్టి అని పిలిచే ఆయన, తన అన్నతో కలిసి బజారు వెనక వీధిలో పాత మిద్దె ఇంట్లో ఉండేవాడు. వారానికోసారి కారులో ఫ్యాక్టరీకి పోయి వచ్చేవాడు. ఈ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కాబట్టి కోర్టు ఫీజు కట్టలేని పేదరాలిగా ఆమె చేత మా ఊరి కోర్టులోనే నష్టపరిహారం దావా వేయించాం. కేసు ఇక్కడ నిలిస్తే ఆమెకు కాలు వచ్చే ఆశ ఉంది. ఇక్కడ కొట్టేసి కడపకు పొమ్మంటే ఆమె పోదు, కేసు అంతటితో చచ్చిపోతుంది. అవతలివాళ్లకు కూడా అది బాగా తెలుసు.

శెట్టి జవాబు వచ్చింది. కాలి గురించి అందులో ఒక్క ముక్క లేదు. తనకు ఈ ఊళ్లో కాపురమే లేదట. ఈ ఊళ్లో ఉన్నది తన అన్న ఇల్లట, తాను పండక్కీ పబ్బానికీ చుట్టంలా వచ్చిపోతాడట. తన కాపురం కడప జిల్లాలో ఫ్యాక్టరీ పక్కనట. కాబట్టి ఈ కోర్టుకు ఈ కేసు వినే అధికారం లేదట. దాంతోపాటు రేషన్ కార్డు, ఓటరు కార్డు, గ్యాసు కనెక్షను, టెలిఫోను బిల్లు, అన్నీ కడప చిరునామాతో జత చేశాడు. అన్నీ మా నోటీసు అందిన తర్వాత పుట్టినవే. ఆ జవాబు తయారు చేసిన పెద్ద లాయరు రోజూ పొద్దున కాలేజీ గ్రౌండులో శెట్టితో కలిసి నడిచేవాడు. ఆయనే కోర్టులో నిలబడి, "మా క్లయింటు ఈ ఊరివాడు కానే కాదు యువరానర్" అన్నాడు. ఆ పొద్దునే గ్రౌండులో వాళ్లిద్దరినీ దాటుకుని వచ్చాను నేను. ఆయన కనురెప్ప కూడా ఆడించలేదు.

జడ్జిగారు ముందు ఈ సంగతి తేలాలన్నారు. శెట్టి ఈ ఊళ్లో ఉంటాడని మేము రుజువు చేయాలి. ఇంతకంటే సులువైన పని ఉంటుందా అనుకుని నేను చీర కొంగు దోపుకుని సాక్షుల కోసం బయలుదేరాను.

మొదట పాలవాడి దగ్గరికి పోయాను.

"శెట్టి ఇంటికి నువ్వేనా పాలు పోసేది?"

"నేనేనమ్మా. మా నాయన కాలం నుంచీ పోస్తాండాం."

"శెట్టి రోజూ ఇంట్లో ఉంటాడా?"

"ఉండక యాడికి పోతాడు? పొద్దున్నే చెంబు పట్టుకోని ఆయప్పే వస్తాడు. నురగెక్కువుండాదని రోజూ కొట్లాడతాడు నాతో."

"ఈ మాటే కోర్టులో చెప్పు."

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. "నేను యాల చెప్పల్లమ్మా? నా బర్రెలు తినే పత్తిగింజల చెక్క వాళ్లన్న మిల్లుది. ఈ కరువులో ఇంగెవురిస్తారు? నేనేమీ చూళ్లేదు, నాకేమీ తెలీదు. నీకు పుణ్యముంటాది, పో తల్లీ" అన్నాడు.

అతన్ని నేను తప్పు పట్టను. తర్వాతి వాళ్లను మాత్రం పడతాను. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు నీళ్లు నమిలాడు. పక్కింటి బట్టల అంగడాయన నాకు కాఫీ ఇప్పించి, శెట్టి గుణగణాలు పొగిడి, "ఆయన లేకుంటే మా వీధికి కళ ఎక్కడిదమ్మా?" అని, కోర్టు మాట ఎత్తగానే, "అంటే, ఉంటాడని చెప్పలేం, లేడనీ చెప్పలేం" అన్నాడు. వాళ్లకు శెట్టి అన్న మిల్లు చెక్కా అక్కర్లేదు, పిండీ అక్కర్లేదు. భయపడాల్సిన అవసరం కూడా లేదు. ఒక కూలామె కాలి కోసం ఒక పెద్దమనిషితో స్నేహం చెడగొట్టుకోవడం ఎందుకన్నదే వాళ్ల లెక్క. ఆ కాఫీ తాగినందుకు ఇప్పటికీ నాకు రోతగానే ఉంటుంది.

సాక్షులు లేరు కాబట్టి ఇల్లు చూసి రిపోర్టు రాయడానికి ఒక లాయరును కమిషనరుగా వేయమని అడిగాం. వేశారు. రెండు పక్షాలకూ ముందుగా కబురు పెట్టాలన్నది రూలు. ఫలానా రోజు ఫలానా గంటకు దొంగతనం చేయబోతున్నాం అని ఇంటివాళ్లకు చెప్పి పోయినట్టే అది. అందుకే చెప్పిన వేళకంటే కాస్త ముందే పోదామని పట్టుబట్టి కమిషనరును లాక్కుపోయాను.

తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. లోపల గిన్నెలు, అడుగులు, గుసగుసలు. తీరా తీశాక శెట్టి అన్న ఉయ్యాల బల్ల మీద కూర్చుని, ఇప్పుడే మమ్మల్ని చూసినట్టు, "రాండి సార్, రాండి" అన్నాడు. క్షణంలో కమిషనరు చేతికి బొరుగుల ఉగ్గాని ప్లేటు వచ్చింది, పక్కన మిరపకాయ బజ్జీలు. "తినండి సార్, చల్లారితే బాగుండదు" అన్నారు. ఆయన నిజంగానే కూర్చుని తినడం మొదలుపెట్టాడు. నేను లోపలికి పోయాను. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. నున్నటి నాపబండల మీద తడి అడుగులు పెరటి తలుపు దాకా పోయి ఆగిపోయాయి. స్నానాల గది గూట్లో ఒక స్టీలు గ్లాసు, ఆ గ్లాసు నీళ్లలో ఒక జత కట్టుడు పళ్లు. తిన్నాక కడుక్కుంటుండగా మేము తలుపు తట్టినట్టున్నాం. ఒక పంటి సందులో ఇంకా కరివేపాకు ముక్క ఇరుక్కుని ఉంది.

నేను కమిషనరును పిలిచి చూపించాను. వెనకే శెట్టి అన్న వచ్చాడు.

"ఇవి ఎవరివి?" అన్నాను.

"నావేనమ్మా" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన నోట్లో వక్కాకుతో ఎర్రబడిన సొంత పళ్లు ఒక్కటీ తక్కువ కాకుండా కనబడుతున్నాయి.

"మీకు పళ్లున్నాయి కదా?"

"ఇవి యాడికన్నా పోయేటప్పుడు పెట్టుకుంటా."

నాకు ఒళ్లు మండిపోయింది. అయితే ఇప్పుడొకసారి పెట్టుకుని చూపించమన్నాను. కమిషనరు నోట్లో బజ్జీ మింగి, "అమ్మా, పెద్దాయనతో అదేం మాట? మర్యాద ఉండాలి" అని నన్నే కసిరాడు. తర్వాత కోర్టుకు ఇచ్చిన రిపోర్టులో, "ప్రతివాది ఇంట్లో కనిపించలేదు. ఒక జత కట్టుడు పళ్లు కనిపించినవి. అవి ఎవరివో నిర్ధారణ కాలేదు" అని రాశాడు. ఉగ్గాని సంగతి రాయలేదు.

ఆ తర్వాత శెట్టి బోనెక్కాడు. దేవుని ఎదుట ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతానన్నాడు. ఆ పళ్లతోనే, చక్కగా, ముద్దు ముద్దుగా, ఈ ఊళ్లో తనకు పొయ్యి లేదని, పడక లేదని చెప్పాడు. మా సీనియరు పళ్ల గురించి అడగబోతే, కేసుకు సంబంధం లేని ప్రశ్న అని జడ్జిగారు ఆపేశారు. అదంతా ఇంగ్లీషులో నడిచింది. ఆ కాలు లేనామె బయట వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ప్రతి వాయిదాకూ వచ్చేది. మొదట్లో మొగుడు తోడు వచ్చేవాడు. తర్వాత అతను మళ్లీ పనికి పోక తప్పలేదు. చంకలో కర్రతో ఒక్కతే బస్సు దిగి వచ్చేది. ఒక వాయిదాకు జడ్జిగారు సెలవు, ఒక దానికి లాయర్ల బాయ్‌కాట్, ఇంకోదానికి శెట్టి లాయరు కూతురి పెళ్లి. ఆ పెళ్లిలో మా సీనియరు కూడా శెట్టి పక్కనే కూర్చుని భోంచేసి వచ్చాడు.

దసరాకు ఒక సంగతి జరిగింది. మా ఊరి శెట్ల అమ్మవారిశాలలో తొమ్మిది రోజులూ అలంకారాలు చూడటానికి కులమతాల తేడా లేకుండా ఊరంతా పోతుంది. నేనూ పోయాను. ఆ రోజు ఉభయం, అంటే ఆ రోజు పూజ జరిపించే హక్కు, ఎవరిదో మైకులో చదివారు. మన పట్టణ వాస్తవ్యులు అంటూ శెట్టి పేరు. శెట్టి పట్టుపంచె కట్టుకుని ముందు నడుస్తుంటే, ఆయన భార్య తడిచీరతో నైవేద్యం బిందె నెత్తిన పెట్టుకుని వస్తోంది. జనం దారి ఇచ్చారు. ఎదురింటి హెడ్మాస్టరు కూడా చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు.

శెట్లలో ఒక కట్టుబాటు ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఉభయం ఊళ్లో పొయ్యి వెలిగే ఇంటికే చెందుతుంది. ఆ రోజు నైవేద్యం ఆ ఇంటి సొంత పొయ్యి మీదే, ఆ ఇంటి కోడలి చేతి మీదుగానే తయారై కాలినడకన గుడికి రావాలి. కాపురం ఎత్తేసి వేరే ఊరికి పోయిన ఇంటికి, వాళ్లు ఎంత కలిగినవాళ్లయినా, ఉభయం ఉండదు. అన్న ఉభయం వేరు, తమ్ముడి ఉభయం వేరు; ఎవరు కాపురం ఎత్తేస్తే వాళ్లది వరసలో ఉన్న తర్వాతి ఇంటికి పోతుంది. దాని కోసం కాచుకుని కూర్చునే దాయాదులు ప్రతి ఇంటికీ ఉంటారు.

మరుసటి వారమే నేను అమ్మవారిశాల కార్యదర్శి దగ్గరికి పోయాను. ఆయన ఇత్తడి సామాన్ల అంగడి నడిపే ముసలాయన. కోర్టుకొచ్చి ఈ కట్టుబాటు ఒక్కటి చెప్పండి చాలు అన్నాను. శెట్టి ప్రమాణపత్రం నకలు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఈడ నాకు పొయ్యి లేదని చెప్పినాడా?"

"దేవుని మీద ప్రమాణం చేసి చెప్పినాడు."

"ఆయప్పే చెప్పినాడా, లాయరు రాసుకున్యాడా?"

"బోనులో నిలబడి నోటితో చెప్పినాడు. నేను అక్కడే ఉన్నాను."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "కోర్టుకు నేను రానమ్మా. మావాళ్లను మేము బోన్లో నిలబెట్టం. కానీ అమ్మ ముందర ఒక ఊరు, జడ్జి ముందర ఒక ఊరు అంటే మాకు కుదరదు. ఇది మేము తేల్చుకుంటాం."

"ఆమె కాలు పోయింది పెద్దాయనా, దాని సంగతి కూడా మీవాళ్లను అడగండి."

"కాలి సంగతి మీరూ కోర్టూ చూసుకోండి. పొయ్యి సంగతి మాది" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అబద్ధం విని నిజంగానే నొచ్చుకున్నాడు. కానీ ఆ నొప్పి ఆమె దాకా పోలేదు. అంగడి మెట్లు దిగుతుంటే ఆ తళతళలాడే ఇత్తడి బిందెలన్నీ తన్నేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

తర్వాత జరిగింది మా ఆఫీసు గుమాస్తా చెప్పాడు. పెద్దలు కూర్చున్నారు. కోర్టు మాట వేరు, ఇంటి మాట వేరని శెట్టి వాదించాడు. ఎదురుగా దాయాది కూర్చుని, "కాపురం లేదని ఆయప్పే ఒప్పుకున్యాడు గదా, ఇంగ ఉభయం మాది" అన్నాడు. శెట్టి భార్య మాత్రం ఏడ్చిందట. అత్త చేతుల మీదుగా తనకు వచ్చిన నైవేద్యం దాయాది ఇంటి పొయ్యి మీద ఉడకడానికి వీల్లేదందట. చివరికి పెద్దలు ఒక మాట చెప్పారు. ఉగాదికి ఆ ఏటి ఉభయాల పట్టీ చదువుతారు. ఈలోగా శెట్టి కోర్టుకు పోయి తన మాట సరిచేసుకుని రావాలి. లేకపోతే ఉభయం పోతుంది.

శెట్టి వచ్చాడు. ఉగాదికి ముందు, ఎండలు ముదురుతున్న ఒక వాయిదా రోజు, ఆయన లాయరు లేచి, తమ క్లయింటు కాపురం ఈ ఊళ్లోనేనని, కోర్టు అధికారం గురించి పెట్టిన అభ్యంతరం వదులుకుంటున్నామని ఒక కాగితం అందించాడు. ఇన్నాళ్లూ ఇదే కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం ఏమైందని ఎవరూ అడగలేదు. జడ్జిగారు తల ఊపి రాసుకున్నారు. శెట్టి లాయరు మా సీనియరు భుజం తట్టాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వరండాలో టీ చెప్పారు. ఒక ఆడమనిషి కాలు చేయించలేని పని ఒక బిందె నైవేద్యం చేయించింది. గెలిచింది మేమే. ఆ టీ నేను ముట్టలేదు.

ఆమెకు నేనే చెప్పాలని బయటికి పోయాను. గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా నన్ను చూసి కర్ర పట్టుకుని లేచింది.

"గెలిచినాం" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. అన్నేళ్లలో నేను ఆమె నవ్వు చూడటం అదే మొదటిసారి. "కాలు ఎప్పుడు పెట్టిస్తారంట?" అంది.

"ఇది కాలి సంగతి కాదు. శెట్టి కాపురం ఈ ఊళ్లోనే అని తేలింది. కాబట్టి నీ కేసు కడపకు పోదు. ఇంక ఇక్కడే మొదలవుతుంది."

"మొదులయ్యేదా?"

నేను కేసు కట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను.

"ఇన్నేండ్లూ లోపల ఆయప్ప యాడుంటాడనేనా అడిగింది?"

"అవును."

"నన్నడిగింటే మొదుట్నే చెప్పింటాను గదమ్మా. ఆస్పత్రి నుంచి వచ్చినాంక ఆయప్ప ఇంటి ముందర దినాలు దినాలు కూసున్యా. పొద్దున్నే ఆయప్పే తలుపు తీసేది. ఒగ దినం ఎండకు పడిపోతే ఆయప్పే మజ్జిగ తెచ్చిచ్చినాడు, ఇంటి ముందర సచ్చిపోవద్దు పొమ్మని."

దావా వేసినవాళ్ల మాటకు విలువ ఉండదని మా సీనియరు ఆమెను బోనెక్కించనే లేదు. శెట్టిని ఆ ఇంట్లో రోజూ చూశానని కోర్టులో చెప్పడానికి ఊరు మొత్తానికి సిద్ధంగా ఉన్న ఒకే ఒక్క మనిషి, ప్రతి వాయిదాకూ, తలుపుకు ఇవతల కూర్చుని ఉంది.

"సరే, పోనీలేమ్మా" అందామె. "కాలి గురించి ఎప్పుడు అడుగుతారు?"

నేను వాయిదా చీటీ చూసి, ఎండాకాలం సెలవులు అయ్యాక అని చెప్పాను. ఆమె తల ఊపి, చంకలో కర్ర సర్దుకుని బస్టాండు వైపు నడిచింది.